కంచభూములు - దక్కను తొలి పశుపాలకులు

'కంచ' యనగా ముండ్లతో వేసిన ఆవరణము మాత్రమే కాదు. తెలంగాణమున పశువుల మేతకై విడిచిన గడ్డినేలకును ఆ పేరు కలదు. హైదరాబాదునకు పడమట సైబరాబాదుగా మారిన ప్రాంతమున, కంచ గచ్చిబౌలి యను ఊరిపేరులో నీ శబ్దము నిలిచియున్నది. 2025లో అచటి 400 ఎకరముల నేలలో చెట్లు నరకుట మొదలుకాగా, ఏప్రిలు 3న సుప్రీంకోర్టు దానిని నిలిపివేసెను. ఆ నేల అడవియా, బీడా యని వాదము చెలరేగెను. ఈ రెండు మాటలలో నేదియు చాలదని దక్కను ప్రాచీన చరిత్ర తెలుపుచున్నది.

దక్షిణ దక్కనున నవీన శిలాయుగము సుమారు క్రీ.పూ. 3000 నుండి 1200 వరకు సాగెను. పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ త్రవ్వించెను. అది పలుమార్లు కాలిన పేడకుప్ప. అందు గుంజలు పాతిన గుంతలును, పశువుల గిట్టల ముద్రలును కానవచ్చినవి. కావున నది పశువుల దొడ్డి యని తేలినది. దొడ్డికి కలప కావలెను. మందకు ఎండ సోకు పచ్చికపట్టు కావలెను. ఆ యుగపు జనులు పండించిన ఉలవ, పెసర, అండుకొర్రలకును చెట్టు కొట్టిన చేను కావలెను. అడవి పలుచబడుటకు ఇవియన్నియు కారణములే.

అయినను భారమంతయు మానవునిపై మోపరాదు. గోదావరి ముఖమునకు ఎదుట సముద్రగర్భము నుండి తీసిన మేటమట్టిని పరీక్షింపగా, సుమారు 4000 ఏండ్ల క్రిందటి నుండి వానలు తగ్గి, దక్కను మన్ను అధికముగా కోసుకొనిపోయినట్లు తెలియవచ్చినది. మధ్యధరా తీరమున ఓక్ వనములు పొదలుగా మారుటను గూర్చియు, కారణము వాతావరణమా, సేద్యగాండ్రా యని పుప్పొడి పరీక్షకులు నేటికిని చర్చించుచున్నారు. ఈ రెండు కారణములు పరస్పర సహాయకములని తలచుట యుక్తము: వాన తగ్గిన నేలపై మంద మేసిన మొలక మరల చెట్టగుట దుర్లభము.

కంచ గచ్చిబౌలి ఆనాటి మేతనేలయే యనుటకు ఆధారము లేదు. కాని దానినంటియున్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణములో బృహచ్ఛిలాయుగ సమాధులు బయల్పడినవి, జననివాసము ప్రాచీనమే. మనుష్యుని చేయి సోకినంత మాత్రమున నేల నిరర్థకము కాదు. చెట్టు, పచ్చిక, మంద మూడును కలిసి బ్రదికిన నేలకు మన భాషలో 'కంచ' యను పేరుండగా, దానిని బీడని వ్రాయుట చరిత్రను చెరపుటయే. కంచ, దొడ్డి, మంద మొదలగు పదములు గల ఊరిపేరులను, నగరము వానిని మ్రింగకమునుపే, పరిశోధక విద్యార్థులు సేకరింపవలసియున్నది.