జ్ఞాపకం పోయినవారికి ఇల్లు: చిత్తవైకల్య సంరక్షణ గృహాల చరిత్ర

1901 నవంబరు 25 వ తేదీన జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు మానసిక వైద్యశాలలో ఆగస్టె డీటెర్ అనే 51 సంవత్సరాల స్త్రీని చేర్చారు. ఆమె భర్త రైల్వే కచేరీలో గుమాస్తా. మరునాడు ఆలోయిస్ అల్జైమర్ అనే వైద్యుడు ఆమె ఎదుట కూర్చొని ప్రశ్నలు వేసి, జవాబులను కాగితంమీద వ్రాసుకొన్నాడు. మీ పేరేమిటని అడిగితే ‘ఆగస్టె’ అన్నది. ఇంటిపేరు అడిగినా ‘ఆగస్టె’ అన్నది. భర్త పేరు అడిగితే, ‘ఆగస్టె అనుకొంటాను’ అన్నది. మధ్యాహ్నం పంది మాంసమూ, కాలీఫ్లవరూ తింటూ, తాను తింటున్నది పాలకూర అని చెప్పినది. తన పేరు వ్రాయబోయి, సగంలో మరచి, తనను తాను పోగొట్టుకొన్నానని వాపోయినది.

ఆమె ఆ వైద్యశాలలోనే నాలుగున్నర సంవత్సరాలు గడిపి, 1906 ఏప్రిలు 8 వ తేదీన మరణించినది. అప్పటికి మ్యూనిక్ చేరిన అల్జైమర్ ఆమె మెదడును తెప్పించుకొని సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. నాడీకణాల మధ్య గట్టి మచ్చలు, కణాలలోపల చిక్కుపడిన పోగులు కనిపించినవి. ఆ సంగతిని ఆయన అదే సంవత్సరం నవంబరు 3 న ట్యూబింగెన్ పట్టణంలో వైద్యుల సభకు తెలియజేశాడు. 1910లో ఆచార్య క్రేపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి అల్జైమర్ పేరు పెట్టాడు.

ఈ కథలో సూక్ష్మదర్శిని భాగం లోకప్రసిద్ధం. ఆమె ఎట్లా మరణించినదో తలచుకొనేవారు తక్కువ. చివరిరోజులలో ఆమె కాళ్ళు ముడుచుకొని మంచానికే అంటుకొనిపోయినది. ఒకే పక్కన పడుకొని ఉండటంవల్ల ఒంటికి పుండ్లు పడి, వాటిద్వారా రక్తం విషపూరితమై ప్రాణం పోయినది. ఆ వైద్యశాల చెడ్డది కాదు. అధికారి ఎమిల్ సియోలీ రోగులను కట్టివేయరాదనే పద్ధతి పాటించినవాడు. అయినా మెదడు వ్యాధితో వచ్చిన మనిషి చర్మపు పుండుతో పోయినది. కనుక ఈ వ్యాధి మొదటినుంచీ రెండు ప్రశ్నలు వేసినది. మెదడులో ఏమి జరుగుతున్నది? ఆ మనిషి ఎక్కడ, ఎట్లా బ్రతకాలి? మొదటి ప్రశ్నను ప్రయోగశాలలు తీసుకొన్నవి. రెండవ ప్రశ్నకు సమాధానం వెదకినవి సంరక్షణ గృహాలు. వాటి చరిత్ర కూడా విజ్ఞాన చరిత్రలో భాగమే.

వ్యాధి స్వరూపం

జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తించటం వంటి మానసిక శక్తులు క్రమంగా సన్నగిల్లి, నిత్యజీవితం సాగనిస్థితి ఏర్పడటాన్ని చిత్తవైకల్యం, లేక డిమెన్షియా, అంటారు. ఇది ఒకే వ్యాధి కాదు. దీనికి దారితీసే వ్యాధులలో అల్జైమర్ వ్యాధి అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినటం మరొక కారణం.

అల్జైమర్ వ్యాధిలో సాధారణంగా మొదట దెబ్బతినేవి హిప్పోకాంపస్, దాని పరిసరభాగాలు. క్రొత్త సంగతులను జ్ఞాపకంలోకి చేర్చే పని వీటిది. అందుచేత నిన్నటి మాట నిలువదు. చిన్ననాటి ఊరు, పాత పాట, చేతికి అలవాటైన పని చాలకాలం నిలుస్తవి. భయం, సంతోషం, అవమానం ఇంకా నిలుస్తవి. ఎవరు కసిరారో మరచిపోయినా, కసురుకోవటంవల్ల కలిగిన బాధ వెంటనే పోదు. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొంటే ముందు జరిగిన చరిత్ర సులభంగా అర్థమవుతుంది.

బీదల శాలలనుండి గృహాలకు

ఇంగ్లండులో 1834నాటి బీదల చట్టంక్రింద నడిచిన శాలలలో పని చేయగల బీదలకు పని ఇచ్చి, దానికి బదులుగా కూడు పెట్టేవారు. దిక్కులేని వృద్ధులు, మతి చలించినవారు కూడా చివరకు అక్కడికే చేరేవారు. 1948లో జాతీయ సహాయ చట్టం వచ్చి, వృద్ధులకు నివాసం కల్పించే బాధ్యతను స్థానిక సంస్థలపై పెట్టినది. పెద్ద శాలలకు మారుగా పాతిక, ముప్పై మంది చొప్పున ఉండే చిన్న గృహాలు రావాలని మంత్రి అన్యూరిన్ బెవాన్ ఆశించాడు.

ఆ ఆశ ఏమైనదో చూడటానికి సామాజికశాస్త్రజ్ఞుడు పీటర్ టౌన్‌సెండ్ బయలుదేరి 173 సంస్థలను చూచాడు. 1962లో ప్రకటించిన ఆయన గ్రంథం పాత బీదల శాలల భవనాలే ఇంకా వృద్ధ నివాసాలుగా నడుస్తున్నట్లు లోకానికి తెలిపినది. వరుస మంచాలు, ఏకాంతం లేకపోవటం, చేయటానికి ఏ పనీ లేక గోడవెంట కుర్చీలలో కూర్చొన్న మనుష్యులు ఆయన కంటబడినవారు. 1967లో బార్బరా రాబ్ ప్రకటించిన పుస్తకం మానసిక వైద్యశాలలలోని వృద్ధుల సంగతి బయటపెట్టినది. వారి కళ్ళజోళ్ళను, కట్టుడుపళ్ళను కూడా తీసివేసేవారు. కళ్ళజోడు లేని వృద్ధుడు ఎదుటి మనిషిని గుర్తుపట్టకపోతే అది మెదడు తప్పా, కళ్ళజోడు తీసినవారి తప్పా? ఇటువంటి ప్రశ్నే ముందుముందు శాస్త్రీయ ప్రశ్నగా మారినది.

1972లో మైకేల్ మీచర్ ఆ ప్రశ్నను మరింత నిశితం చేశాడు. మతి తప్పిన వృద్ధులకోసమే వేరుగా ఏర్పరచిన గృహాలను మామూలు గృహాలతో పోల్చి, వారి కలవరంలో కొంతభాగం ఆ గృహాల తీరుకు వారిచ్చే సమాధానమేనని వాదించాడు.

ముసలితనం కాదు, వ్యాధి

ఈలోగా ప్రయోగశాలలలో ముఖ్యమైన మార్పు వచ్చినది. చాలకాలం అల్జైమర్ వ్యాధి నడివయస్సువారికి అరుదుగా వచ్చేదనీ, ముసలివారి మతిమరపు వయస్సుతో వచ్చే చాదస్తమేననీ భావించేవారు. 1968లో న్యూకాసిల్ పట్టణంలో బ్లెసెడ్, టామ్లిన్‌సన్, రాత్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు, జీవించి ఉండగా పరీక్షించిన వృద్ధుల మెదళ్ళను మరణానంతరం పరిశీలించారు. మచ్చలు హెచ్చుగా ఉన్నవారిలోనే మానసిక శక్తుల క్షీణత హెచ్చుగా ఉన్నట్లు తేలినది. 1976లో అమెరికా వైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్, వృద్ధులలో కనిపించేదీ అల్జైమర్ వ్యాధేననీ, ఇది గొప్ప ప్రాణాంతక వ్యాధులలో ఒకటనీ హెచ్చరించాడు.

దీనివలన వచ్చిన లాభం చిన్నది కాదు. చాదస్తమని తోసివేసినది వ్యాధి అయినది. పరిశోధనకు ధనం లభించినది. అయితే ఒక చిక్కు కూడా వచ్చినది. రోగి కేకలు వేసినా, తిరుగులాడినా, భోజనం తోసివేసినా, అన్నిటికీ మెదడులోని మచ్చలే కారణమనటం సులభమైపోయినది.

కట్టు, మాత్ర

అట్లా అనుకొన్నచోట రెండే ఉపాయాలు మిగిలినవి. మొదటిది కట్టివేయటం. నడుముకు పట్టీ, ముందు బల్ల బిగించిన కుర్చీ, మంచానికి కటకటాలు అమెరికా నర్సింగు గృహాలలో మామూలు సామగ్రిగా ఉండేవి. పడి ఎముకలు విరగకుండా ఇది రక్షణ అని చెప్పేవారు. 1987లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, శిక్షగాగాని, సిబ్బంది సౌకర్యంకోసంగాని రోగిని కట్టరాదని శాసించినది. 1992లో మేరీ టినెటీ, ఆమె సహచరులు కనెక్టికట్ రాష్ట్రపు గృహాలలో 397 మందిని పరిశీలించిన ఫలితాలు ప్రకటించారు. కట్టనివారిలో నూటికి 5 గురు పడి తీవ్రంగా గాయపడగా, కట్టినవారిలో నూటికి 17 గురు గాయపడ్డారు. పడే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారినే కట్టి ఉండవచ్చుననే సందేహం సహజం. పరిశోధకులు ఆ తేడాలను కూడా లెక్కలోకి తీసుకొన్నారు. అయినా కట్టువలన రక్షణ కనిపించలేదు. కదలనివ్వని కండరం బలహీనమవుతుంది. బలహీనమైన కాలు మరింత సులభంగా తూలుతుంది.

రెండవ ఉపాయం తీవ్ర మానసిక వ్యాధులకు వాడే మాత్రలతో శాంతింపజేయటం. ఇటువంటి క్రొత్తరకపు మందులు చిత్తవైకల్యంగల వృద్ధులలో మరణాలను సుమారు ఒకటిన్నర రెట్లకు మించి పెంచుతున్నవని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. 2009లో ఆచార్య సుబే బెనర్జీ బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక అక్కడ సుమారు 1,80,000 మంది చిత్తవైకల్య రోగులు ఈ మందులు తీసుకొంటున్నారనీ, వీటివలన సంవత్సరానికి సుమారు 1,800 అదనపు మరణాలు కలుగుతున్నవనీ అంచనా కట్టినది.

ఇంటి నిర్మాణమే ఉపాయం

ఈ రెండింటికీ ప్రత్యామ్నాయం మొదట భవనశాస్త్రంనుండి వచ్చినది. 1973లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు పవెల్ లాటన్, లూసిల్ నాహెమో ఒక సూత్రం ప్రతిపాదించారు. మనిషి శక్తి తగ్గినకొద్దీ అతని నడవడిపై పరిసరాల ప్రభావం పెరుగుతుందని దాని భావం. మోకాళ్ళు బాగున్నవారికి మూడు మెట్లు లెక్కలోనికి రావు. కాలు విరిగినవారికి అవే కొండ. ఆరోగ్యవంతుడు ఒకేరకం తలుపులున్న పొడవాటి నడవలో మరుగుదొడ్డిని జ్ఞాపకంతో వెదకుకొంటాడు. జ్ఞాపకం లేనివారికి కంటికి కనబడని గది లేనట్లే.

1974లో ఫిలడెల్ఫియాలో లాటన్ సలహాపై కట్టిన వైస్ భవనంలో నడవలు తీసివేసి, నడుమ పెద్ద చావడి, చుట్టూ పడకగదులు ఏర్పరచారు. గదినుండి అడుగు బయట పెట్టగానే భోజనాలు జరిగేచోటు, మనుష్యులు కనబడేవారు. జ్ఞాపకం చేయవలసిన పనిని కన్ను చేసినదన్నమాట.

1980 ప్రాంతాలలో స్వీడన్ దేశస్థులు మరొక అడుగు వేశారు. ఆరునుండి ఎనిమిది మందివరకు ఒక మామూలు ఇంటిలో, ఒక వంటగది చుట్టూ జీవించే పద్ధతిని వారు వ్యాపింపజేశారు. కూరగాయలు తరగటం, బట్టలు మడత పెట్టటం రోగులు చేసేవారు. ఇది కాలక్షేపం మాత్రమే కాదు. క్రొత్తది నేర్వలేని మెదడులో పాత పనుల నేర్పు మిగిలి ఉంటుందని పైన చెప్పిన సంగతికి ఇది ఆచరణరూపం. మిగిలిన శక్తికి పని దొరికినచోట మనిషికి మర్యాద కూడా దొరుకుతుంది.

బ్రిటనులో బ్రాడ్‌ఫర్డు విశ్వవిద్యాలయపు టామ్ కిట్‌వుడ్ ఈ మర్యాదనే పరిశీలనాంశం చేశాడు. మోసగించటం, పసిపిల్లలవలె చూడటం, ఎదుట ఉండగానే లేనట్లు మాట్లాడుకోవటం వంటి 17 రకాల ప్రవర్తనలను 1997లో ప్రకటించిన గ్రంథంలో పేర్కొన్నాడు. చేసేవారు దుర్మార్గులు కానక్కరలేదు. తొందరలో ఉన్న మంచివారు కూడా ఇవి చేస్తారు. కిట్‌వుడ్ బృందం గృహాలలో పరిశీలకులను కూర్చోబెట్టి, ప్రతి 5 నిమిషాలకు ఒకసారి రోగి ఏమి చేస్తున్నాడో, ఎట్లా ఉన్నాడో వ్రాయించినది. అంతవరకు దయ అనిపించుకొన్నది కొలతకు లోబడినది.

2009లో నెదర్లాండ్సులోని వేస్ప్ పట్టణంలో పూర్తయిన హోహెవైక్ ఈ ఆలోచనలన్నిటినీ కలిపిన చిన్న ఊరు. సుమారు 150 మంది, ఇంటికి ఆరేడుగురు చొప్పున, తమ పూర్వజీవితపు అలవాట్లకు దగ్గరగా ఉండే ఇండ్లలో జీవించేటట్లు ఏర్పాటు చేశారు. లోపల అంగడి, కాఫీశాల, నాటకశాల, వీథులు ఉన్నవి. తాళం పడకగదికి కాదు, ఊరి వాకిలికి. తిరుగులాడటం ఇక్కడ రోగలక్షణం కాదు, షికారు. నిజంకాని ఊరిలో మనుష్యులను ఉంచటం మోసం కాదా అని అడిగినవారు లేకపోలేదు. అంగడిలో రొట్టె నిజమైనదే, వండేది నిజమైన వంటే అని నిర్వాహకుల సమాధానం.

మంచి ఉద్దేశం చాలదు, రుజువు కావాలి. 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో బ్రిటనులోని 69 నర్సింగు గృహాలకు చెందిన 847 మందిని తీసుకొని, కొన్ని గృహాలలో సిబ్బందికి మనిషిని మనిషిగా చూచే పద్ధతి నేర్పి, రోగులతో మాటామంతీ పెంచారు. తక్కిన గృహాలకంటె అక్కడ రోగుల జీవనస్థితి మెరుగుపడి కలవరం తగ్గినది. లాభం కొద్దిపాటిదే, కాని ప్రాణాపాయం లేనిది.

మన దేశంలో

2023లో వెలువడిన అఖిలభారత పరిశీలన ప్రకారం మన దేశంలో 60 సంవత్సరాలు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, చిత్తవైకల్యం ఉన్నది. వీరిలో అత్యధికులకు ఇల్లే సంరక్షణ గృహం. సంరక్షకులు ఎక్కువగా భార్యలు, కోడళ్ళు, కూతుళ్ళు. 1992లో కేరళలో ప్రారంభమైన అల్జైమర్ సంఘం, 2010లో బెంగుళూరులో తెరచిన నైటింగేల్స్ కేంద్రం వంటివి దారి చూపినవి. 2007నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రతి జిల్లాలోను కనీసం 150 మంది దిక్కులేని వృద్ధులకు నివాసాలు ఏర్పరచవచ్చునని చెప్పినది. అయితే మామూలు వృద్ధాశ్రమం వేరు, జ్ఞాపకం పోయినవారికి తగిన ఇల్లు వేరు. ఆ భేదం తెలియకపోతే ఇతర దేశాలు నూరు సంవత్సరాలలో చేసిన పొరపాట్లనే మనమూ మొదటినుండి చేస్తాము.

2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకనెమాబ్ వంటి మందులు తొలిదశలో క్షీణతను కొంత నెమ్మదింపజేస్తవి, నయం చేయలేవు. కాబట్టి రెండవ ప్రశ్న ఇంకా మన ముందున్నది. దానికి చరిత్ర ఇచ్చిన జవాబులు ఏ ఇంటిలోనైనా అమలు చేయదగినవే. మరుగుదొడ్డి తలుపు కనబడేటట్లు తెరచి ఉంచి, రాత్రి దీపం పెట్టటం. కళ్ళజోడు తుడిచి ఇవ్వటం. రోజూ ఒకే వేళకు స్నానం, భోజనం. చిక్కుడుకాయలు ఒలిచే పని తాతగారికో అమ్మమ్మకో అప్పగించటం. మంచంపట్టినవారిని వేళకు పక్క మార్చటం. ఆగస్టె డీటెర్ మెదడులోని మచ్చలను నేటికీ ఎవరూ తుడిచివేయలేరు. ఆమె ఒంటిమీది పుండువంటిది మరొకరికి పడకుండా చూడటం మాత్రం మనుష్యుల చేతిలోని పని.