పంజరంలో తీసిన లెక్క

పెద్దయ్యాక మెదడులో కొత్త నాడీకణాలు పుట్టవన్న మాట ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు శాసనంలా చలామణీ అయింది. స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ వేసిన ముద్ర అది. సాహిత్య చరిత్ర చదువుకున్నదాన్ని కనుక, ‘లేవు’ అనగానే ఎవరు వెతికారు, ఎక్కడ వెతికారు అని అడగడం నాకు అలవాటు. ‘అప్పట్లో రచయిత్రులు లేరు’ అన్న వాక్యాన్ని మనం అలా అడిగే కదా విప్పుకున్నాం!

1960లలో అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త కణాలను చూపించారు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1982లో షర్లీ బేయర్, ఆమె సహచరులు ఎలుక హిప్పోకాంపస్‌లోని ఒక పొరలో కణాలను లెక్కగట్టి, పెద్ద వయసులోనూ అవి పెరుగుతాయన్నారు. 1985లో పాస్కో రాకిచ్ కోతుల్ని పరిశీలించి, వాటిలో అలాంటిదేమీ లేదన్నారు. చర్చ అక్కడితో ముగిసినట్టే కనిపించింది.

దాన్ని మళ్లీ తెరిచినవాళ్లలో ఎలిజబెత్ గూల్డ్ ముఖ్యురాలు. 1998లో ఆమె బృందం ఎదిగిన మార్మోసెట్ కోతుల హిప్పోకాంపస్‌లో కొత్త కణాలను చూపింది. అపరిచితమైన కోతి ఉన్న పంజరంలోకి ఒక్కసారి పంపితే చాలు, ఆ పుట్టుక తగ్గిపోయింది. అంతకుముందు ఏడాదే కెంపర్‌మన్, గేజ్ బృందం బొమ్మలు, సొరంగాలు, తోటి ప్రాణులు ఉన్న విశాలమైన పంజరాల్లో చిట్టెలుకలకు కొత్త న్యూరాన్లు ఎక్కువని తేల్చింది. 1999లో హెన్రియెట్ వాన్ ప్రాగ్ చక్రంలో పరుగెత్తే చిట్టెలుకల్లోనూ అదే చూశారు. ఆ ఏడాదే గూల్డ్ బృందం ఆడ ఎలుకల్లో ఈస్ట్రోజన్ కొత్త కణాల సంఖ్యను కొంతకాలం పెంచుతుందని చూపింది. నాడీశాస్త్ర ప్రయోగాలు ఎక్కువగా మగ జంతువుల మీదే సాగిన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ప్రతి నిర్ధారణా నిలబడలేదు. మెదడు పైపొరలో కూడా కొత్త న్యూరాన్లు చేరతాయన్న గూల్డ్ వాదన తర్వాతి పరీక్షలకు ఆగలేదు. మనుషుల విషయంలోనూ వివాదం ఉంది: 2018లో ఒక బృందం పెద్దవాళ్లలో కొత్త న్యూరాన్లు కనిపించలేదంది; 2025లో స్వీడన్ బృందం 78 ఏళ్ల వయసు వరకూ విభజన చెందుతున్న మూలకణాలను గుర్తించింది.

అందుకే ‘రోజూ పరుగెత్తు, మెదడు పెరుగుతుంది’ అన్న సలహాను నేను అనుమానంగానే వింటాను. అది మళ్లీ భారాన్ని ఒంటరి మనిషి మీదే మోపుతుంది. ఈ ప్రయోగాల్లో ఎలుక తన పంజరాన్ని తాను ఎంచుకోలేదు. ఇరుకు, భయం, ఏమీ తోచనితనం ఎవరో ఏర్పాటు చేసినవి. ఆడవాళ్లను నాలుగు గోడల మధ్య ఉంచి, ఆ గోడల కొలతనే వాళ్ల బుద్ధి కొలతగా రాసిన చరిత్ర మనకు తెలుసు. ముందు కొలవాల్సింది పంజరాన్ని.