ఒక్క ముద్ర తక్కువ

1940 సెప్టెంబరు 25, పొద్దున. ఫ్రాన్స్ దక్షిణ కొసన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గర్లో, పోర్ వాండ్ర్ అనే చిన్న రేవు ఊరు. మేడ మీది ఇరుకు గదిలో లీసా ఫిట్కో పడుకుని ఎంతోసేపు కాలేదు. ఎవరో తలుపు తట్టారు. కింద వాటాలో ఉండే చిన్నపిల్ల కాబోలనుకుంటూ, కళ్లు నులుముకుంటూ తీసింది.

పిల్ల కాదు. కళ్లద్దాలు, దట్టమైన మీసం, నెరుస్తున్న జుట్టు. బెర్లిన్ రోజుల నుంచీ తెలిసినవాళ్లంతా 'ముసలి బెంజమిన్' అనే పెద్దమనిషి. నిజానికి వాల్టర్ బెంజమిన్‌కు అప్పటికి నలభై ఎనిమిదేళ్లే. వేళకాని వేళ వచ్చినందుకు ముందు మన్నించమన్నాడు. తరువాత అసలు సంగతి చెప్పాడు. మార్సేయిలో మీ ఆయనను కలిశాను, మీరు నన్ను సరిహద్దు దాటించి స్పెయిన్ చేరుస్తారని ఆయనే పంపాడు, అని.

లీసా నిర్ఘాంతపోయింది. ఆమె అక్కడికి వచ్చింది సరిహద్దు దాటే దారి వెతకడానికి మాత్రమే. ఆ దారిని ఇంకా ఒక్కసారి కూడా నడిచి చూడలేదు. కానీ తన భర్త హన్స్ సంగతి ఆమెకు తెలుసు. భార్య వెళ్లిందంటే పని అయిపోయినట్టే అతని లెక్క. దారి తెలియని మనిషితో వెళ్లడం ప్రమాదం, సరేనా అని అడిగింది. వెళ్లకపోవడమే అసలు ప్రమాదం అన్నాడు బెంజమిన్.

ఆయన దగ్గర కాగితాలు లేకపోలేదు. విచిత్రమేమంటే చాలానే ఉన్నాయి.

బెంజమిన్ బెర్లిన్‌లో పుట్టిన యూదు రచయిత, విమర్శకుడు. హిట్లర్ రాగానే దేశం విడిచి పారిస్ చేరాడు. 1939లో జర్మనీ ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. అంటే పాస్‌పోర్టు పోయింది, ఏ దేశానికీ చెందని మనిషయ్యాడు. యుద్ధం మొదలవగానే ఫ్రాన్స్ కూడా జర్మన్ వాడివంటూ ఆయన్ను నెవెర్ దగ్గరి శిబిరంలో పెట్టింది. హన్స్ ఫిట్కోతో పరిచయం అక్కడే. యూదుడని వాళ్లు తరిమేశారు, జర్మనీవాడని వీళ్లు బంధించారు. 1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌కు చేరువవుతుంటే చెల్లెలితో కలిసి లూర్ద్‌కు, ఆగస్టులో అక్కడి నుంచి మార్సేయికి చేరాడు.

మార్సేయిలో అప్పుడు వేలమందిది ఒకటే పని, కాగితాలు పోగేసుకోవడం. వాటికో వరుస ఉండేది. ముందు సముద్రం అవతలి దేశం ఏదో ఒకటి రమ్మని వీసా ఇవ్వాలి. అది చూపిస్తే, లిస్బన్‌లో ఓడ ఎక్కేదాకా తన నేల మీద ఉండనిస్తూ పోర్చుగల్ ట్రాన్సిట్ వీసా ఇస్తుంది. పోర్చుగల్ వీసా చూశాకే స్పెయిన్ తన ట్రాన్సిట్ వీసా కొడుతుంది. ప్రతిదానికీ గడువుంది. మూడోది చేతికొచ్చేసరికి మొదటిదానికి కాలం చెల్లేది. అప్పుడు మళ్లీ మొదటి కౌంటరు దగ్గరికే. వీసా స్లాటు దొరికేనాటికి బ్యాంకు స్టేట్‌మెంటు పాతబడి మళ్లీ బ్యాంకుకు పరిగెత్తిన మన పిల్లలకు ఈ తిప్పలు కొంత తెలుసు. కాకపోతే మార్సేయి క్యూలో ఆలస్యమైతే పోయేది అడ్మిషను కాదు.

అవసరం ఉన్నచోట అడ్డదారీ ఉంటుంది. చెకొస్లొవేకియా పటంలో లేకుండా పోయినా మార్సేయిలో దాని కాన్సుల్ వ్లదిమీర్ వోహొచ్ మాత్రం మిగిలాడు. నాజీ వ్యతిరేకులకు తన దేశపు పాస్‌పోర్టులు ఇచ్చేవాడు. చైనా వీసా కథ మరీ తమాషా. వంద ఫ్రాంకులిస్తే ఒక ముద్ర కొట్టేవారు. దాన్ని చూసి పోర్చుగల్ వాళ్లు ట్రాన్సిట్ ఇచ్చేవారు. ఆ చైనా అక్షరాల అర్థం, ఈ కాగితం కలిగినవాడు ఎట్టి పరిస్థితిలోనూ చైనా గడ్డ మీద కాలు పెట్టరాదు అని! ఆ మాట కాలక్రమంలో చైనీస్ తెలిసిన ఒకరు చదివి చెప్పారని లీసా తన జ్ఞాపకాల్లో రాసుకుంది. పోర్చుగల్ కాన్సులేట్‌లో చైనీస్ చదవగలిగినవాళ్లు లేకపోవడం ఎంతమందిని బతికించిందో!

బెంజమిన్‌కు ఆ అవసరం రాలేదు. న్యూయార్క్‌లో ఉన్న తత్వవేత్త మాక్స్ హోర్క్‌హైమర్ ప్రయత్నించి అమెరికా వీసా ఏర్పాటు చేశాడు. పాస్‌పోర్టు లేని లోటు తీర్చేందుకు మార్సేయిలోని అమెరికన్ కాన్సులేట్ ఒక పత్రం ఇచ్చింది. దాని మీద పోర్చుగల్ ట్రాన్సిట్, స్పెయిన్ ట్రాన్సిట్ రెండూ పడ్డాయి. మూడు దేశాలు సరేనన్నాయి.

లేనిది ఒక్కటే, ఫ్రాన్స్ నుంచి బయటికి పోనిచ్చే ఎగ్జిట్ వీసా.

అది అడగడానికీ లేదు. జూన్ 22న జర్మనీతో ఫ్రాన్స్ చేసుకున్న సంధిలో 19వ నిబంధన ఒకటుంది. జర్మనీ పేరు పెట్టి అడిగిన జర్మన్లను ఫ్రాన్స్ పట్టి అప్పగించాలి. ఎగ్జిట్ వీసాకు దరఖాస్తు పెట్టడమంటే తన పేరూ చిరునామా తన చేత్తోనే జర్మన్ రహస్య పోలీసులు గెస్టపోకు రాసివ్వడం. అందుకే కొండదారి. అంతకుముందు బెంజమిన్ ఇంకో ఉపాయం కూడా చేశాడట. లంచమిచ్చి, ఫ్రెంచి నావికుల వేషంలో, డాక్టరైన ఒక మిత్రుడితో కలిసి సరుకుల ఓడ ఎక్కాడు. గుండె జబ్బు మనిషి, పుస్తకాల పురుగు, నావికుడి దుస్తుల్లో! వేషం నిలవలేదు, ఎలాగో తప్పించుకుని బయటపడ్డారు.

కొండదారిని చెప్పింది పక్క ఊరు బన్యుల్స్ మేయర్ వెన్సాన్ అజేమా. సరిహద్దు ఊరు సెర్బేర్‌లో శ్మశానం గోడ వెంట ఉన్న సులువైన దారికి అప్పటికే గట్టి కాపలా పడింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో జనరల్ లిస్తర్ సైనికులు వాడిన పాత దొంగరవాణా బాట ఒకటి ఇంకా మిగిలి ఉంది. కొంత దూరం పైనున్న దారికి సమాంతరంగా, కొండ అంచు చాటున పోతుంది కాబట్టి కాపలావాళ్లకు కనబడదు. అజేమా తన గది తలుపు మూసి, కాగితం మీద గుర్తుకొచ్చినంత గీసిచ్చాడు. ఏడు పైన్ చెట్లున్న మిట్టను కుడిచేతి పక్కన ఉంచుకోవాలి. అక్కడి నుంచి ద్రాక్షతోట, తోట దాటితే శిఖరం. ఆ గీతల కాగితమే ఆ ప్రయాణంలో అసలైన పత్రమని నాకనిపిస్తుంది. దాని మీద ముద్ర లేదు, సంతకం లేదు.

జాగ్రత్తలు కూడా చెప్పాడు. తెల్లవారకముందే ద్రాక్షతోటల కూలీలతో కలిసిపోయి ఊరు దాటాలి. సంచులు వద్దు. మాట్లాడొద్దు. ఆ మధ్యాహ్నమే షికారుకెళ్లినట్టు సగం దాకా వెళ్లి దారి ఆనవాళ్లు చూసుకుని రమ్మన్నాడు.

వెళ్లారు. లీసా, బెంజమిన్, వాళ్లతో పాటు తామూ సరిహద్దు దాటాల్సిన హెన్నీ గుర్లాండ్, ఆమె పదహారేళ్ల కొడుకు. మొదటి జాగ్రత్త అక్కడే తప్పింది. బెంజమిన్ చేతిలో నల్లటి బరువైన తోలు బ్యాగు. అందులో కొత్త రాతప్రతి ఉందని, అది పోవడానికి వీల్లేదని, తనకంటే అదే ముఖ్యమని చెప్పాడు. వంతులు వేసుకుని మోశారు.

పచ్చిక మైదానం చేరాక వెనక్కి తిరగాలి. బెంజమిన్ లేవలేదు. ఈ రాత్రి ఇక్కడే ఉంటాను, పొద్దున్నే మీరు వచ్చి కలవండి అన్నాడు. దిగి మళ్లీ ఎక్కితే తన గుండె తట్టుకోదని ఆయన లెక్క వేసుకున్నాడు. దుప్పటి లేదు, తిండి లేదు. లీసా ఎంత చెప్పినా వినలేదు. ఆ మనిషి ఏదీ ఆవేశంతో చెయ్యడు, అంతా ముందే తర్కించుకుని ఉంటాడని ఆమెకు అర్థమైంది.

చీకటితోనే మిగతా ముగ్గురూ కూలీలతో కలిసి బయల్దేరి పైకి వచ్చేసరికి బెంజమిన్ లేచి కూర్చుని ఉన్నాడు. కళ్ల చుట్టూ ముదురెరుపు మచ్చలు. గుండెపోటు గుర్తులేమోనని లీసా గుండె జారిపోయింది. ఆయన కళ్లద్దాలు తీసి జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. మంచుకు తడిసి ఫ్రేము రంగు దిగింది, అంతే.

నడకకు కూడా ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పది నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి. అలసట వచ్చాక ఆగితే లాభం లేదట, రాకముందే ఆగాలట. బంగారు జేబు గడియారం చూసుకుంటూ చివరిదాకా అదే లయ. నిట్టనిలువు ద్రాక్షతోటలో మాత్రం కాళ్లు మొరాయించాయి. లీసా, కుర్రాడు చెరోవైపు పట్టుకుని పైకి లాగారు. ఆగినచోట దొంగ రేషన్ కూపన్లతో కొన్న రొట్టె, టమాటాలు తీసింది లీసా. ఒక టమాటా తీసుకోవడానికి కూడా ఆయన ఆమె అనుమతి అడిగాడు.

శిఖరం. ఎదురుగా స్పెయిన్ తీరం, వెనక ఫ్రాన్స్ తీరం, రెండువైపులా నీలిసముద్రం. లీసా అక్కడి నుంచి వెనక్కి తిరగాలి, ఆమె దగ్గర స్పెయిన్ వీసా లేదు. అయినా ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ దిగింది. ఒకచోట పచ్చగా పాచి పట్టిన, కంపు కొట్టే నీటిగుంట. బెంజమిన్ మోకాళ్ల మీద కూర్చుని తాగబోయాడు. టైఫాయిడ్ వస్తుందని ఆమె వారించింది. రావచ్చు, కానీ సరిహద్దు దాటాకే కదా చచ్చేది, అప్పుడు గెస్టపో నన్ను పట్టుకోలేదు, రాతప్రతి భద్రంగా ఉంటుంది అని ఆయన సమాధానం. క్షమించమని చెప్పి మరీ తాగాడు.

కింద లోయలో పోర్ట్‌బౌ ఊరు కనిపించాక లీసా ఆగింది. నేరుగా సరిహద్దు ఠాణాకు వెళ్లండి, కాగితాలన్నీ చూపించండి, స్పెయిన్ ప్రవేశ ముద్ర వేయించుకోండి, అది లేకుండా రైలెక్కొద్దు అని అప్పగింతలు పెట్టి తిరిగింది. ఎక్కి రావడానికి పది గంటలు పట్టిన దారి, ఒంటరిగా రెండు గంటల్లో దిగిపోయింది.

పోర్ట్‌బౌ పోలీసులు కాగితాలు చూశారు. అమెరికా వీసా బాగానే ఉంది. పోర్చుగల్ ట్రాన్సిట్ ఉంది. తమ దేశమే ఇచ్చిన ట్రాన్సిట్ కూడా ఉంది. అయినా కుదరదన్నారు. కొత్త ఉత్తర్వు వచ్చింది. అదేమిటన్నదానిపై రెండు కథనాలున్నాయి. ఏ దేశ పౌరసత్వమూ లేనివారిని రానివ్వొద్దని హెన్నీ అప్పట్లో రాసిన ఉత్తరం చెబుతుంది. ఫ్రాన్స్ ఎగ్జిట్ ముద్ర లేనివారిని వెనక్కి పంపాలని లీసా తెలుసుకున్నది. రెంటికీ ఫలితం ఒకటే, రేపు మళ్లీ ఫ్రాన్స్‌కు. ఈ రాత్రికి మాత్రం కాపలాలో హోటల్లో ఉండొచ్చు.

దాదాపు రెండు వారాల కిందట డెబ్బైకి చేరువలో ఉన్న నవలాకారుడు హైన్రిచ్ మాన్, కవి ఫ్రాంజ్ వెర్ఫెల్ ఇదే కొండల మీదుగా, ఇదే ఎగ్జిట్ వీసా లేకుండా నడిచొచ్చారు. వాళ్లను రానిచ్చారు. బెంజమిన్‌ను ఆపిన ఆంక్ష కూడా ఎక్కువకాలం నిలవలేదు. ఒక్కరోజు ముందొస్తే దాటేవాడు, ఒక్కరోజు ఆలస్యమైతే సంగతి మార్సేయిలో తెలిసి ఆగిపోయేవాడు అని ఆయన స్నేహితురాలు హన్నా అరెంట్ తరువాత రాసింది. దురదృష్టమనేశారు చాలామంది. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. నాలుగు దేశాల కౌంటర్లు ఒకదానిమీద ఒకటి ఆనుకున్న చోట, ఏ రోజో ఎవరి దగ్గరో అది తెగక మానదు. ఆ రోజు తెగింది ఈయన దగ్గర.

హోటల్ ద ఫ్రాన్సియా. ఆ రాత్రి బెంజమిన్ నాలుగు ఫోన్లు చేసినట్టు బిల్లులో ఉంది. డాక్టర్ వచ్చాడు, వెళ్లాడు. మళ్లీ ఫ్రాన్స్ పోలీసుల చేతికి వెళ్లడం కంటే చావే నయమనుకున్నాడు. తెల్లవారాక ఆయన లేడు. డాక్టర్ మెదడులో రక్తస్రావమని రాశాడు.

ఇక్కడా కాగితమే మిగిలింది. ఇంటిపేరూ పేరూ తారుమారై రికార్డులో 'బెంజమిన్ వాల్టర్' అయ్యాడు. వాల్టర్ అనే ఇంటిపేరున్న కాథలిక్ అనుకుని కాథలిక్ శ్మశానంలో సమాధి చేశారు. సమాధి గూటికి ఐదేళ్ల అద్దె కట్టారు. కొన్ని నెలల తరువాత ఆ ఊరు వచ్చిన హన్నా అరెంట్ ఎంత వెతికినా ఆ పేరు కనబడలేదు. జడ్జి రాయించిన జాబితాలో తోలు బ్యాగు, గడియారం, పైపు, ఆరు ఫొటోలు, ఒక ఎక్స్‌రే, కళ్లద్దాలు, అమెరికన్ కాన్సులేట్ పత్రం, ఏవో కొన్ని కాగితాలు ఉన్నాయి. అంత దూరం మోసుకొచ్చిన రాతప్రతి ఏమైందో ఇప్పటికీ తేలలేదు.

హెన్నీని, కొడుకును స్పెయిన్ పోలీసులు ముందుకు పోనిచ్చారు. వాళ్లు లిస్బన్ చేరారు.

ఈ సంగతులు తెలియడానికి ముందే లీసాకు దారి ఖాయమైందన్న నమ్మకం కుదిరింది. శరణార్థులను తప్పించేందుకు ఆగస్టులో న్యూయార్క్ నుంచి మార్సేయి వచ్చిన వారియన్ ఫ్రై, హన్స్ దంపతులను బన్యుల్స్‌లోనే ఉండి ఈ పని చేయమని అడిగాడు. 1941 వసంతం దాకా వాళ్లు మనుషులను దాటిస్తూనే ఉన్నారు. వచ్చేవాళ్లలో పోలీసుల మనిషి ఉండొచ్చు కాబట్టి గుర్తింపుకు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక కాగితాన్ని రెండుగా చించి, రెండు ముక్కల మీదా ఒకే నంబరు వేసేవారు. ఒక ముక్క బన్యుల్స్‌లో, ఇంకోటి మార్సేయిలో. వచ్చినవాడి ముక్క తమ ముక్కతో అతికితేనే కొండెక్కించేవారు. ఆ ఏడాది చివర్లో హన్స్, లీసా తమ వంతు వీసాలు సంపాదించుకుని క్యూబా వెళ్లిపోయారు.