సిపాయి భుజానికి రాకముందే

రాయవేలూరు కోట అనగానే 1806 జూలై 10 తెల్లవారుజాము గుర్తొస్తుంది. కొత్త టోపీ పెట్టుకోవాలి, గడ్డం తీయాలి, బొట్టు చెరపాలి అన్నందుకు మండిపోయిన సిపాయిలు తుపాకులు ఎత్తిన రోజు. మదరాసు నుంచి బెంగాలుకు వెళ్ళిన తెలుగు సిపాయిల వల్లే అక్కడ సిపాయికి 'తిలంగా' అని పేరు పడింది, అదీ మనవాళ్ళ లెక్క.

వాళ్ళ చేతిలోని తుపాకీ గురించి మాత్రం ఎవరూ రాయరు. కుంపిణీ తెప్పించుకున్న రకం కనుక దానికి 'ఇండియా ప్యాటర్న్' అని పేరు, గొట్టం 39 అంగుళాలు. లండనులో తుపాకీ పనివారి సంఘం 1637 నాటిది, గొట్టాలను పరీక్షించడం వాళ్ళ పని. మామూలుకంటే బాగా ఎక్కువ మందు దట్టించి, గొట్టాలను వరుసగా పడుకోబెట్టి, ఇసుక దిబ్బ వైపు తిప్పి, మనుషులంతా పక్కకు తప్పుకున్నాక నేలమీద పోసిన మందు చారకు నిప్పు పెట్టేవారు. పగిలితే అక్కడే పగలాలి, సిపాయి చెంప దగ్గర కాదు. బీటలు లేకుండా నిలిచినదానికే ముద్ర.

నాటు తుపాకీకి ఆ ముద్ర ఎక్కడిది? గుడియాత్తం అగ్గిపెట్టెల ఊరు, నిప్పు సంగతి మనకు ఒకరు చెప్పాలా! అయినా అటకమీద తాతలనాటి తుపాకీ దొరికితే, ఆయుధపూజనాడు "ఒక్కసారి పేల్చి చూద్దాం" అనే కుర్రాళ్ళు ఉంటారు. లోపల తుప్పు ఎంత తిన్నదో పైకి కనబడదు. ఎప్పుడో దట్టించిన మందు ఇంకా అందులోనే ఉండొచ్చు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షను ప్రకారం తుపాకీని పరీక్షించే పనికి కూడా లైసెన్సు కావాలి. కనుక గొట్టంలోకి తొంగిచూడకండి, కదపకండి, పిల్లల్ని దూరంగా పంపి పోలీసు స్టేషనుకు కబురు చేయండి.