సరుకు మన చేతిది, కాగితం ఎవరి చేతిది? ఇంటర్నేషనల్ బిజినెస్ చదువు, దాని వెనుక ఉద్యోగాలు

గుంటూరు మిరపతోటల్లో కాయ కోసేది మన ఆడవాళ్లు. రొయ్యల ఫ్యాక్టరీల్లో ఐసు నీళ్లలో చేతులు పెట్టి తల తీసి, పొట్టు వలిచేవాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. లందలో తోలు ఊనింది, చెప్పు కుట్టింది మన తాతలు. ఈ సరుకంతా ఓడలెక్కి దేశాలు దాటుతూనే ఉంది. కానీ దానికి ధర కట్టే కాగితం, ఓడెక్కించే కాగితం, బ్యాంకులో డబ్బు విడిపించే కాగితం మాత్రం మన వాడల దాకా రాలేదు. ఆ కాగితం పని నేర్పే చదువు పేరే ఇంటర్నేషనల్ బిజినెస్. బీబీఏ, బీకాం, ఎంబీఏల్లో ఈ పేరు పెట్టి చేర్చుకుంటున్న కాలేజీలు పెరిగాయి. చేరే ముందు మన పిల్లలు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

ఇందులో ఏం నేర్పుతారు?

అకౌంట్స్, మార్కెటింగ్, ఎకనామిక్స్ మామూలు కామర్స్ చదువులోనూ ఉంటాయి. ఈ కోర్సుకు ప్రత్యేకమైనవి నాలుగు.

మొదటిది సరుకు గుర్తింపు. ప్రపంచమంతా వాడే హెచ్‌ఎస్ కోడ్‌లో ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఉంటుంది. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఒకటే. మన దేశంలో మొత్తం ఎనిమిది అంకెలు వాడతారు. కోడ్ తప్పు పడితే సుంకం మారిపోతుంది, సరుకు రేవులో ఆగిపోతుంది.

రెండోది బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ తీరుతుందన్నది. ఇన్‌కోటర్మ్స్ 2020లో 11 రకాల షరతులున్నాయి. ఎఫ్‌ఓబీ అంటే రేవులో సరుకును ఓడ ఎక్కించేదాకా ఖర్చు, నష్టం అమ్మినవాడివి. సీఐఎఫ్ అయితే అవతలి రేవు దాకా ఓడ కిరాయి, బీమా కూడా అమ్మినవాడే కట్టాలి.

మూడోది డబ్బు. ముఖం ఎరగని పరాయి దేశపు కొనుగోలుదారును నమ్మడం ఎలా? లెటర్ ఆఫ్ క్రెడిట్ పుట్టింది ఇందుకే. కాగితాలన్నీ షరతుల ప్రకారం ఉంటే డబ్బు ఇస్తామని కొనేవాడి బ్యాంకు మాట ఇస్తుంది. ఇక రూపాయి మారకం. పది వేల డాలర్లకు బేరం కుదిరిందనుకుందాం. బేరంనాడు డాలరు 86 రూపాయలు, డబ్బు చేతికొచ్చే రోజుకు 84 రూపాయలు అయితే, సరుకులో ఏ లోపమూ లేకుండానే 20 వేలు పోయినట్టు. దీన్ని ముందే కాచుకోవడం ఒక విద్య.

నాలుగోది దేశాల మధ్య నియమాలు: సుంకాలు, ఒప్పందాలు, నాణ్యత పరీక్షలు. ఇది పుస్తకాల్లో ఉండిపోయే సంగతి కాదు. 2023-24లో మన దేశం నుంచి 60,523 కోట్ల రూపాయల విలువైన సముద్ర ఉత్పత్తులు వెళ్తే, అందులో మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యలే. సాగు రొయ్యలో ముందున్నది ఆంధ్రప్రదేశ్, పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టున రొయ్య ధర మీద పడింది. ధర పడితే పని తగ్గుతుంది, పని తగ్గితే ముందు ఆగేది రోజుకూలీ.

అంబేడ్కర్ చదివిందీ దీని పక్క చదువే

1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఈస్ట్ ఇండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల మీద అక్కడ పరిశోధన రాశారు. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేసిన పరిశోధన 1923లో ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ పుస్తకంగా వచ్చింది. రూపాయి విలువ తగ్గించాలని ఎగుమతి వ్యాపారులు కోరుతున్న కాలంలో ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: రూపాయి విలువ తగ్గితే సరుకుల ధరలు పెరుగుతాయి, కూలి అంత వేగంగా పెరగదు, మరి ఆ లాభం ఎవరి జేబులోంచి వస్తున్నట్టు? ఈ కోర్సులో చేరే మన పిల్లలు ప్రతి పాఠం దగ్గరా ఇదే ప్రశ్న వేసుకోవాలని మేము కోరుకుంటున్నాం.

ఎక్కడ చదవాలి?

ఈ రంగంలో పేరున్నది కేంద్ర వాణిజ్య శాఖ కింద 1963లో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్. ఢిల్లీ, కోల్‌కతాలతో పాటు 2022 నుంచి కాకినాడలోనూ క్యాంపస్ ఉంది. కాకినాడలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది. డిగ్రీతో మొదలై ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏతో ముగుస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, పాండిచ్చేరి విశ్వవిద్యాలయాల్లోనూ ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏ ఉంది. ఏ సంస్థ ఏ ప్రవేశ పరీక్షను లెక్కలోకి తీసుకుంటుందో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు మన హక్కు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో మామూలు ఎంబీఏకు దారి ఐసెట్. 2025లో రెండు చోట్లా ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది కాబట్టి కులధ్రువీకరణ పత్రంలో గ్రూపు నమోదైందో లేదో కౌన్సెలింగ్‌కు ముందే చూసుకోండి.

కోర్సు పేరు చూసి మోసపోవద్దు. బీకాంకు కొత్త అట్ట వేసి ఫీజు పెంచిన చోట్లు ఉన్నాయి. చేరే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎగుమతి పత్రాలు చేత్తో నింపే తరగతులు ఉన్నాయా? ఇంటర్న్‌షిప్ ఎక్కడ, జీతం ఇస్తారా? విదేశీ భాష నేర్పుతారా? పోయిన ఏడాది పాసైనవాళ్లు ఏ కంపెనీల్లో, ఏ పనుల్లో ఉన్నారు? నోటిమాట కాదు, జాబితా చూపించమనండి.

ఏ ఉద్యోగాలు వస్తాయి?

ఎగుమతి కంపెనీల్లో డాక్యుమెంటేషన్ పని మొదటి మెట్టు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్ సరిచూడటం అక్కడ రోజువారీ పని. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం రేవుల చుట్టూ సరుకు రవాణా ఏజెన్సీలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల కార్యాలయాల్లో సప్లై చెయిన్, కొనుగోళ్ల పనులు ఉన్నాయి.

కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు మరో దారి. 2018 నియమాల ప్రకారం ఎంబీఏ వంటి వృత్తి డిగ్రీ ఉన్నవాళ్లు, లేదా డిగ్రీ ఉండి జీ-కార్డుతో రెండేళ్లు ఈ పని చేసినవాళ్లు పరీక్ష రాయొచ్చు. కస్టమ్స్ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీయే ఈ పరీక్ష పెడుతుంది. శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలో దాని పెద్ద క్యాంపస్ 2024 జనవరిలో మొదలైంది.

ప్రభుత్వ రంగాన్ని మాత్రం మరువకండి. ప్రభుత్వ బ్యాంకుల్లో విదేశీ మారకం విభాగాలున్నాయి. స్పైసెస్ బోర్డు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా కేంద్రం కిందివి, వాటిలో రిజర్వేషన్ ఉంటుంది. సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారానే ఇండియన్ ట్రేడ్ సర్వీస్‌కు ఎంపిక జరుగుతుంది. ఎస్సీ, ఎస్టీలకు అక్కడ 37 ఏళ్ల దాకా అవకాశం ఉంది, ప్రయత్నాలకు లెక్క లేదు.

ప్రభుత్వ రంగం గురించి ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేరువేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. దళిత ఇంటిపేరున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువ వచ్చాయి. ఈ గోడ సర్టిఫికెట్ ఒక్కదానితో కూలదు. అందుకే చదువుతో పాటు చేతిలో కొలవగలిగిన నైపుణ్యం ఉండాలి: ఎక్సెల్, ఎగుమతి పత్రాలు, ఒక విదేశీ భాష. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో స్పానిష్, అరబిక్, జపనీస్ వంటి భాషలు నేర్పుతారు.

డబ్బు సంగతి

కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపుంటే ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తిస్తుంది. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి. కన్వీనర్ కోటా సీటుకే ఇది అందుతుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అప్పు మీ నెత్తినే. బకాయిలు రాలేదని కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపితే ఊరుకోవద్దు. ఒరిజినల్స్‌ను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. రాతపూర్వకంగా అడగండి, ఆ కాపీ దాచుకోండి.

విదేశాల్లో పీజీకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 125 సీట్లుంటే 115 ఎస్సీలవి. ఆదాయ పరిమితి 8 లక్షలు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. 30 శాతం అమ్మాయిలకు. అయితే 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే లేఖలు ఇచ్చి, మిగిలినవాళ్లకు నిధులను బట్టి చూస్తామన్నారు. కాబట్టి ఎంపిక జాబితాలో పేరు చూసి అప్పు చేయకండి, లేఖ చేతికొచ్చాకే చేయండి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ తరహా పథకం పేరు, నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి, తాజా ఉత్తర్వు చూడాలి.

ఉద్యోగమే గమ్యం కానక్కర్లేదు

ఎగుమతి చేయాలంటే కావాల్సిన ఐఈసీ నంబరుకు ఫీజు 500 రూపాయలు. పాన్, బ్యాంకు ఖాతా ఉంటే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసుకోకపోతే అది పనిచేయకుండా పోతుంది. అసలు కష్టం నంబరులో లేదు, పెట్టుబడిలో, కొనేవాళ్లతో పరిచయంలో ఉంది. అందుకే ఒంటరిగా దిగవద్దని మా సలహా. చెప్పులు కుట్టే కుటుంబాలు, మిర్చి కౌలురైతులు, నేతపనివాళ్లు సంఘంగా ఏర్పడి, వాళ్ల పిల్లల్లో ఈ చదువు చదివిన ఒకరు కాగితం పని చూస్తే దళారీ చేతికి పోయే వాటాలో కొంతైనా పని చేసినవాళ్లకు మిగులుతుంది. అంతదాకా వెళ్లాలంటే ముందు సీటు రావాలి. కులం, ఆదాయ ధ్రువపత్రాలు ఈ నెలలోనే తీసి పెట్టుకోండి. చాలా సీట్లు మార్కులు లేక కాదు, ఆ రెండు కాగితాలు సమయానికి లేక పోతున్నాయి.