కథను గుర్తుపెట్టుకున్న క్యాసెట్టు

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి వెంబడి ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం కృష్ణా జిల్లా మెట్టగా పేరుబడి, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైంది. 1990లలో తెలుగునాట ఇతర పట్టణాలకు వచ్చినట్టే ఇక్కడికీ వీడియో గేమ్, టీవీ వెనుక యాంటెన్నా తీగ గుచ్చే చోట తగిలించి రెండు రిమోట్లతో ఆడే తేలికపాటి ప్లాస్టిక్ పెట్టె రూపంలో వచ్చింది. సమురాయ్, మీడియా, టెర్మినేటర్ వంటి పేర్లతో దేశమంతటా అమ్ముడైన ఆ పెట్టెలకు మూలం, జపానులో నింటెండో సంస్థ 1983 జులై 15న 14,800 యెన్ల ధరకు విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్; వాడుకలో దానిని ఫ్యామికామ్ అంటారు. దాని నమూనా మీద తయారైన పెట్టెలతో పాటు మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, సర్కస్ ఆట మన ఇళ్లలోకి వచ్చాయి గాని, జపానులో అదే యంత్రానికి అత్యంత గాఢమైన అభిమానాన్ని సంపాదించి పెట్టిన దీర్ఘ కథా క్రీడలు మాత్రం రాలేదు. అవి ఎక్కడ పుట్టాయో, ఎలా పెరిగాయో తెలిస్తే, ఎందుకు రాలేదో కూడా దానంతట అదే తెలుస్తుంది.

ఈ కోవకు చెందిన ఆటలను పాత్రధారణ ఆటలు, పొట్టిగా ఆర్‌పీజీలు అంటారు. ఆటగాడు ఒక వీరుడి పాత్ర ధరించి, ఊరూరా తిరిగి, మనుషులతో మాట్లాడి, శత్రువులతో పోరాడి, ఆ పోరాటాల వల్ల కలిగిన అనుభవాన్ని అంకెల రూపంలో కూడబెట్టుకుంటూ అంచెలంచెలుగా బలపడటం వాటి లక్షణం. దీనికి మూలం జపానులో లేదు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో ప్రచురించిన డంజెన్స్ అండ్ డ్రాగన్స్, కొందరు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక కథను నోటితో నడుపుకునే ఆట. ఆ పాచికల లెక్కలను కంప్యూటర్‌కు అప్పగించే ప్రయత్నాల్లో నుంచి 1981లో విజార్డ్రీ, అల్టిమా అనే రెండు ఆటలు ఆపిల్ కంప్యూటర్ మీద వెలువడ్డాయి. మొదటిది చీకటి సొరంగాన్ని ఆటగాడి కళ్లతోనే చూపించి, పోరాటాన్ని ఒకరి తర్వాత ఒకరు దెబ్బ తీసే వంతుల పద్ధతిలో నడిపింది. రెండవది దేశపటాన్ని పైనుంచి చూస్తున్నట్టు పరిచి, అందులో వీరుణ్ణి నడిపించింది. హెంక్ రోజర్స్ అనే డచ్ జాతీయుడు జపానులో స్థిరపడి 1984లో బ్లాక్ ఆనిక్స్ అనే ఆటతో ఈ ప్రక్రియను అక్కడి కంప్యూటర్ ప్రియులకు పరిచయం చేశాడు. అయితే కంప్యూటర్ కొనగలిగిన ఇళ్లు కొద్ది కావడం వల్ల ఆ పరిచయం పిల్లల వరకూ చేరలేదు.

చేర్చినవాడు యూజీ హోరి. పత్రికల్లో రాసుకుంటూ ఆటల రచనలోకి వచ్చిన ఇతనికి విజార్డ్రీ పోరాట పద్ధతి, అల్టిమా దేశపటం రెండూ నచ్చి, వాటిని కలిపి, నియమాలు చదవని పదేళ్ల పిల్లవాడు కూడా ఆడగలిగేటట్టు మలచాలనే సంకల్పం కలిగింది. ఎనిక్స్ సంస్థ 1986 మే 27న విడుదల చేసిన డ్రాగన్ క్వెస్ట్ ఆ సంకల్పానికి ఫలం. కథ, కూర్పు హోరివి. బొమ్మలు డ్రాగన్ బాల్ చిత్రకారుడు అకిరా తోరియామవి. సంగీతం కోయిచి సుగియామది. ప్రోగ్రామ్ కోయిచి నకామురా నాయకత్వంలోని చున్‌సాఫ్ట్ బృందానిది. బురదముద్దలాంటి శత్రువు కావాలని హోరి గీసి ఇచ్చిన గీతను తోరియామ నవ్వుముఖం ఉన్న నీలిరంగు నీటిబొట్టుగా మార్చగా, ఆ స్లైమ్ ఇప్పటికీ ఆ ఆటల పరంపరకు గుర్తుగా నిలిచి ఉంది.

ఈ ఆట గొప్పతనం దాని ఇరుకులో ఉంది. మొత్తం ఆట 64 కిలోబైట్లలో, అంటే ఇప్పటి ఫోనుతో తీసే ఒక ఫొటోకు కూడా చాలని చోటులో, ఒదగవలసి వచ్చింది. ఫ్యామికామ్ తెర 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న చిన్న గళ్ల కూర్పుతో ఏర్పడుతుంది. నేలకు, గోడలకు, అక్షరాలకు అన్నిటికీ కలిపి ఒకేసారి అందుబాటులో ఉండేవి 256 గళ్లే. జపాను భాషకున్న రెండు అక్షరమాలల్లో ఒకటైన కటకానా నుంచి సుమారు 20 అక్షరాలకు మించి పెట్టుకోవడానికి చోటు లేకపోవడంతో, రాక్షసుల పేర్లను, మంత్రాల పేర్లను ఆ కొద్ది అక్షరాలతోనే కూర్చవలసి వచ్చింది. ఊరిలో ఎదురయ్యే ప్రతి మనిషీ ఒకటి రెండు వాక్యాలకు మించి మాట్లాడకపోవడం, ఆ వాక్యంలోనే దారి సూచన, ఊరి కష్టం రెండూ ఇమిడిపోవడం ఈ ఇరుకు నుంచి పుట్టిన శైలి. తర్వాత వచ్చిన ఎన్నో ఆటలకు ఎన్నో రెట్లు చోటు దొరికినా, మాట పొదుపులో దీనిని మించినవి అరుదు.

అంతకంటే పెద్ద చిక్కు జ్ఞాపకానిది. మారియో ఆట ఒక సాయంత్రంలో ముగుస్తుంది, ముగియకపోతే మర్నాడు మొదటి నుంచి ఆడవచ్చు; వారాల తరబడి సాగే కథకు మాత్రం యంత్రం ఆపేసిన తర్వాత కూడా ఎంతవరకు వచ్చామో గుర్తుండాలి. పెట్టెలో దూర్చే ఆట క్యాసెట్టులో కథ చెరగని చిప్ మీద ఉంటుంది కాబట్టి దాని మీద కొత్తగా ఏదీ రాయడం కుదరదు. యంత్రంలోని 2 కిలోబైట్ల జ్ఞాపకం విద్యుత్తు ఆగగానే ఖాళీ అవుతుంది. డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగం దీనికి వెతికిన ఉపాయం 20 అక్షరాల పునరుజ్జీవన మంత్రం: వీరుడు రాజు దగ్గరికి వెళ్తే, అతని అనుభవం, ధనం, ఆయుధాలు అన్నీ సంకేతంగా మారి అర్థం లేని అక్షరాల వరుసగా తెర మీద కనిపించేవి, ఆటగాడు దానిని కాగితం మీద రాసుకుని మర్నాడు తిరిగి ఎక్కించేవాడు. 1987 నాటి రెండవ భాగంలో వీరులు ముగ్గురు కావడంతో ఈ మంత్రం 52 అక్షరాల వరకు పెరిగింది. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా పడిన శ్రమ అంతా పోయేది.

1988 ఫిబ్రవరి 10న వచ్చిన మూడవ భాగం ఈ బాధను తీర్చింది. క్యాసెట్టులోనే ఒక చిన్న జ్ఞాపక చిప్, దానికి ప్రాణం పోసే నాణెమంత 3 వోల్టుల బ్యాటరీ అమర్చడంతో, ఆటను దాచుకోవడం, అంటే ఇప్పుడు అందరూ సేవ్ అంటున్నది, సాధ్యమైంది. ఆ రోజు బుధవారం కావడంతో బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరిన విద్యార్థుల ఉదంతం జపానులో పెద్ద వార్త అయింది. పనిదినాల్లో ఈ ఆట అమ్మరాదని ప్రభుత్వం చట్టం చేసిందని తర్వాత ప్రచారమైన మాట నిజం కాదు; నాలుగవ భాగం మాత్రం 1990 ఫిబ్రవరి 11న, ఆదివారం నాడు వెలువడింది.

మన పట్టణాలకు ఈ ఆటలు చేరకపోవడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. తెలుగునాట అమ్ముడైన క్యాసెట్లు ఎక్కువగా ఒకే చిప్ మీద అనేక ఆటలు కుక్కి, లెక్కకు లక్షల ఆటలని పైన అచ్చువేసినవి. ట్యాంకుల ఆట 24 కిలోబైట్లు, మారియో 40 కిలోబైట్లు కాబట్టి అలా కుక్కడం తేలిక. డ్రాగన్ క్వెస్ట్ మూడవ భాగం 256 కిలోబైట్లు కావడమే కాక దానికి అదనపు జ్ఞాపక చిప్, బ్యాటరీ కావాలి, వాటికి అదనపు ఖర్చు కావాలి. దానికి తోడు, పరుగెత్తి తుపాకీ పేల్చడానికి ఏ భాషా అక్కరలేదు గాని, ఊరివాళ్ల మాట చదివి దారి తెలుసుకోవడానికి భాష కావాలి. ఆ మాటలు జపాను లిపిలో ఉన్నాయి. చవకగా చేసి అమ్మేవారికి ఈ రెండూ గిట్టుబాటు కాని సంగతులే. అందువల్ల ఒక తరం తెలుగు పిల్లలు ఫ్యామికామ్ చేతిచురుకును చూశారు గాని దాని సాహిత్యాన్ని చూడలేదు.

జపానులో ఆ సాహిత్యం వేగంగా విస్తరించింది. 1987 డిసెంబరు 18న స్క్వేర్ సంస్థ నుంచి హిరోనోబు సకాగుచి రూపొందించిన ఫైనల్ ఫాంటసీ, ఆ రెండు రోజులకే సెగా సంస్థ నుంచి రియెకో కొదామా ముఖ్య చిత్రకారిణిగా ఫాంటసీ స్టార్ వెలువడ్డాయి. 1990లో సూపర్ ఫ్యామికామ్ రాకతో బొమ్మలకు మరిన్ని రంగులు, సంగీతానికి నిండుదనం వచ్చాయి. ఆ యంత్రం మీద 1995లో వచ్చిన క్రోనో ట్రిగర్ కోసం పోటీ ఆటల పరంపరలకు చెందిన హోరి, సకాగుచి, తోరియామ ఒక్కచోట పనిచేశారు. 1997 జనవరి 31న సోనీ ప్లేస్టేషన్ మీద మూడు సీడీలుగా విడుదలైన ఫైనల్ ఫాంటసీ ఏడవ భాగంతో ఈ ప్రక్రియ ప్రపంచమంతటికీ చేరింది. సేవ్ చేసే పని క్యాసెట్టు నుంచి విడివడి, విడిగా కొనుక్కునే మెమొరీ కార్డుకు మారడం, ఇంగ్లీషు అనువాదం రావడం అనే రెండు మార్పుల వల్ల భారతీయ ఆటగాళ్లకు కూడా తలుపు తెరుచుకుంది. ప్లేస్టేషన్ 2 చివరి సంవత్సరాల్లో, 2009లో, హైదరాబాద్ సంస్థ ఆరోనా టెక్నాలజీస్ ఆ యంత్రం కోసం హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆటను తయారు చేసింది, అది పాత్రధారణ ఆట కాదు గాని, తెలుగు గడ్డ మీద తయారై కన్సోల్‌కు ఎక్కిన ఆటగా చరిత్రలో నిలిచేదే.

ఈ ఆటల్లో కనిపించే కొన్ని పేర్లు తెలుగు పాఠకుణ్ణి ఆపి ఆలోచింపజేస్తాయి. ఫైనల్ ఫాంటసీ మూడవ భాగం నుంచి వీరుడు పిలిస్తే వచ్చి సాయపడే శక్తుల్లో శివ అనే పేరు మంచుతో శత్రువులను గడ్డకట్టించే స్త్రీకి ఉంది. నాలుగవ భాగంలో అసుర అనే రాణికి మూడు ముఖాలున్నాయి. శివ సంగతి రచయితల స్వేచ్ఛ అనుకున్నా, మూడు ముఖాల అసుర మాత్రం జపానులోని నారా నగరంలో కోఫుకుజి ఆలయం వారి 734 నాటి అసుర ప్రతిమను గుర్తుకు తెస్తుంది. గరుడ, అసుర వంటి పేర్లు బౌద్ధంతో కలిసి భారతదేశం నుంచి చైనా, కొరియాల మీదుగా జపాను చేరాయి. మాంధాత చక్రవర్తి శిల్పఫలకం దొరికిన జగ్గయ్యపేట స్తూపం కూడా ఆ బౌద్ధ ప్రపంచంలో భాగమే. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

పాత యంత్రం మీద పాత ఆటను తిరిగి ఆడాలనుకునేవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. అసలు జపాను ఫ్యామికామ్ 100 వోల్టుల విద్యుత్తుకు, సెకనుకు 60 తెరలు చూపే ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి తయారైంది. మన విద్యుత్తు 230 వోల్టులు, మన పాత టీవీల పద్ధతి సెకనుకు 50 తెరలు చూపే పాల్. కాబట్టి దానికి వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్, రెండు పద్ధతులూ తెలిసిన టీవీ కావాలి. అయితే మన టీవీ గేమ్ పెట్టెల్లో చాలావాటికి ఫ్యామికామ్‌కు ఉన్నట్టే 60 పిన్నుల గాడి ఉండటం వల్ల, అటక మీద పడి ఉన్న పెట్టె పనిచేసే స్థితిలో ఉంటే, జపాను క్యాసెట్టు అందులోనే పడుతుంది. ఆట కొంచెం నెమ్మదిస్తే నెమ్మదించవచ్చు గాని, వంతులవారీ పోరాటానికి అది పెద్ద లోపం కాదు. దాదాపు నలభై ఏళ్ల నాటి బ్యాటరీ అయిపోయి ఉంటే ఆట నడుస్తుంది, సేవ్ నిలవదు. రేకులు అతికించిన కొత్త బ్యాటరీని టంకం పని తెలిసినవారితో వేయించాలి. విద్యుత్తు ఆపేటప్పుడు రీసెట్ మీట నొక్కి పట్టుకోవాలన్న సూచన డ్రాగన్ క్వెస్ట్ మూడవ భాగంలోనే ఉంది. దానిని పాటించకపోతే దాచిన కథ చెడిపోవచ్చు.

ఈ ఆటలన్నీ ఎమ్యులేటర్‌తో, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌తో, ఫోనులో శ్రమ లేకుండా ఆడవచ్చు. అది తప్పనిసరైనవారికి మేలే. అయినా అందులో ప్రతి అడుగునూ సేవ్ చేసుకునే సౌకర్యం ఈ ఆటల ప్రాణాన్ని తీసేస్తుంది. రాజు దగ్గరికి వెళ్తేగాని కథ నిలవదు, దారిలో ఓడితే చేతిలోని ధనంలో సగం పోతుంది. ఇంకొంచెం ముందుకు వెళ్దామా, వెనక్కి తిరుగుదామా అన్న ఆ నిర్ణయమే ఈ ఆటకు ఆయువుపట్టు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ప్రతి మజిలీకీ ఉన్న విలువే ఇక్కడ రాజసభకు ఉంది.

ఆ మాటకు వస్తే, ఇటువంటి కథకు తెలుగువారు కొత్తవారు కారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం చందమామకు రాసిన ధారావాహికల్లో మాంత్రికులు, శిథిల దుర్గాలు, రాక్షస లోయలు, నెలనెలా ఎక్కడ ఆగిందో పాఠకుడు గుర్తుపెట్టుకోవలసిన ప్రయాణాలు అన్నీ ఉన్నాయి. లోటు కథది కాదు, లిపి సాంకేతికతది. 36 హల్లులకు 12 గుణింతాలు లెక్కవేసినా 400 దాటే తెలుగు అక్షరాలు 256 గళ్లలో పట్టవు. వాటికి తోడు ఒత్తులు. అయితే డ్రాగన్ క్వెస్ట్‌లో జపాను అక్షరం మీది రెండు చిన్న గీతలను పై వరుస గడిలో విడిగా పెట్టినట్టే, ఒత్తును కింది గడిలో, గుడిని, కొమ్మును విడి గళ్లలో పెట్టి కూర్చే మార్గం ఉంది. ఫైనల్ ఫాంటసీ ఐదవ భాగాన్ని 1990ల చివరలో ఇంగ్లీషులోకి మొదట తెచ్చింది ఏ సంస్థా కాదు, జీతం లేని అభిమానులు. కంచికచర్ల, పరిటాల, విజయవాడ కళాశాలల్లో కంప్యూటర్ చదువుతున్న మెట్ట ప్రాంతపు విద్యార్థులు ఇటువంటి పనిని ఒక ప్రాజెక్టుగా తలకెత్తుకుని, 64 కిలోబైట్లలో ఒదిగే ఒక తెలుగు సాహస కథను అదే 60 పిన్నుల క్యాసెట్టులో, బ్యాటరీతో సహా, తయారు చేయాలి.