కందెనయు గంధకమును



బండి తోలిన ప్రతివానికిని కందెన యనిన నెఱుకయే. గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి, గొట్టమున పోసి, బండి క్రింద వ్రేలాడదీయుట మన తాతలనాటి పద్ధతి. ఆ గొట్టము వట్టిపోయిన నాడు ఇరుసు కీచుమని మొఱపెట్టును. ఆ మొఱ వినక తోలినవాడు సంత చేరకమునుపే వడ్రంగిని వెదకుకొనవలసి వచ్చును. ఇంజనులకును ఇదియే న్యాయము. కాని ఇంజనులో రెండు విధములైన కందెనలు కలవు. ఒకటి మనము డబ్బాతో తెచ్చి పోయు ఇంజను ఆయిలు. రెండవది కంటికి కనబడనిది. డీజిలు నూనెయే, తాను మండబోవుటకు ముందు, తన త్రోవలోనున్న పంపునకు కందెనయై నడచును. ఈ రెండవదానిని మఱచుటచేతనే, గంధకము తీసిన క్రొత్త డీజిలు పాత ఇంజనులను చంపుచున్నదని కొండలలో ఒక మాట పుట్టినది. అందు నిజమెంత, పొల్లెంత యని నేడు విచారింతము.

మన్యమునకు డీజిలు పెద్దయెత్తున వచ్చినది రైలుతోనే. బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు దింపి ఓడల కెక్కించుటకై 1960లో జపాను వారితో ఒప్పందము కుదిరినది. దానిననుసరించి కొత్తవలస మొదలు కిరందోలు వఱకు ఇంచుమించు 445 కిలోమీటర్ల ఇనుపదారి వేసిరి. అందు సొరంగములే 58 కలవు. శృంగవరపుకోట దాటి, బొడ్డవర విడిచి, బొఱ్ఱాగుహల మీదుగా ఎక్కి ఎక్కి, అరకు చేరకమునుపు సిమిలిగుడ యొద్ద ఆ దారి సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నడచును. ఆ తొలిదినములలో బండ్లను లాగినవి డీజిలు ఇంజనులు. వాని పోషణకై వాల్తేరులో 1965లో షెడ్డు కట్టిరి. అమెరికా దేశపు ఆల్కో వారి నమూనాపై 1964 మొదలుకొని కాశీలో తయారైన ఇంజను 2600 గుఱ్ఱముల బలము గలది. 1980వ సంవత్సరము తరువాత రెండుమూడేండ్లలో ఆ దారికి విద్యుత్తు రాగా కొండలలో వాని పొగ తగ్గినది.

ఆనాటి డీజిలులో గంధకము నూటికొక పాలు వఱకు ఉండవచ్చునని మన దేశపు నియమము. నూటికొకటి యనిన స్వల్పముగా తోచును గాని, లెక్క వేసి చూడుడు. వేయి కిలోల నూనెలో పది కిలోల గంధకము. అది మండినచో ఇరువది కిలోల ఘాటైన వాయువగును. అందు కొంత ఇంజనులోపలనే ఆవిరితో కలిసి గంధకామ్లమై సిలిండరు గోడలను తినును. అందుచేత ఇంజను ఆయిలులో క్షారగుణముగల మందులు కలుపవలసి వచ్చెను. పులుపునకు సున్నమువలె అవి ఆమ్లమును విఱుచును. క్షారము తఱిగిన ఆయిలు పనికిరాదు, మార్చవలసినదే. పూర్వపు డ్రైవర్లు ఆయిలు మార్పునకు అంత పట్టుపట్టుటకు ఇదియు నొక కారణము.

విశాఖపట్టణమున నూనెశుద్ధి కర్మాగారమును కాల్టెక్సు కంపెనీ 1957లో నెలకొల్పినది. 1976లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనగా, 1978లో హిందూస్థాన్ పెట్రోలియములో కలిసినది. పట్టణములలో పొగ పెరిగి, ఊపిరితిత్తుల జబ్బులు హెచ్చగా, గంధకమును తగ్గింపుమని నియమములు వరుసగా వచ్చినవి. పదిలక్షల పాళ్లలో పదివేలుగా నున్నది దేశమంతట 2005లో 500కును, 2010లో 350కిని, 2017లో 50కిని దిగినది. 2020 ఏప్రిలు 1 నుండి 10 పాళ్లే. పూర్వము వేయి కిలోలలో పది కిలోలుండిన గంధకము నేడు పది గ్రాములు మించరాదు.

గంధకమును తీయుటెట్లు? వేడిచేసిన నూనెను అధికమైన ఒత్తిడిలో ఉదజనితో కలిపి, లోహపు గుళికల మీదుగా పోనిత్తురు. గంధకము ఉదజనితో కూడి విడిపోవును. చిక్కు అచ్చటనే కలదు. ఆ వేడిలో గంధకముతో పాటు, లోహమును అంటుకొని జారుడునిచ్చు మఱికొన్ని పదార్థములును నశించును. జనులు గంధకమే కందెన యని తలచిరి, అది పొరపాటు. కందెనగా నున్నవి గంధకమునకు పొరుగున నున్న పదార్థములు.

ఈ సంగతి లోకమునకు స్వీడను దేశములో తేటపడినది. 1991లో అచ్చట తక్కువ గంధకపు డీజిలునకు పన్ను తగ్గించిరి. కొంతకాలమునకే నూనెచేతనే తడుపబడు పంపులు అరిగి చెడసాగినవి. తరువాత నూనెలో జారుడు మందు కలుపుటయు, దానిని పరీక్షించుటయు నియమమైనవి. ఒక చిన్న ఉక్కుగుండును నూనెలో ముంచి, ఉక్కుబిళ్లపై 75 నిమిషములు రాపాడింతురు. గుండుపై పడిన అరుగుడు మచ్చ 460 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో సగముకంటె తక్కువ, మించరాదు. మన దేశపు డీజిలునకును ఈ కొలతయే.

కావున బంకులో కొన్న శుద్ధమైన నూనెతో పంపు చెడవలసిన పని లేదు. మన పొలములలోని ఒంటి సిలిండరు ఇంజనులకు భయము మఱియు తక్కువ. వాని పంపును త్రోయు భాగము ఇంజను ఆయిలుతోనే తడియును; పిస్టనువంటి చిన్న కడ్డీ మాత్రమే డీజిలును నమ్ముకొన్నది. పాత రబ్బరు వలయములు క్రొత్త నూనెకు ముడుచుకొని కారుట గలదు. 1993లో అమెరికాలో అట్లే జరిగినది. వలయము మార్చిన సరిపోవును.

అరకు సంతలో పాత జీపు నడుపు పెద్దయ్య యొకడు పంపు రెండుమార్లు చెడెనని క్రొత్త డీజిలును తిట్టిపోయుచుండెను. మెల్లగా అడుగగా, ధర కలిసివచ్చునని కిరసనాయిలు కలుపుచున్నట్లు చెప్పెను. కిరసనాయిలు పలుచన; దానికి జారుడు మిక్కిలి తక్కువ. నేరము చేసినది ఒకటి, నింద మోసినది మఱియొకటి!

ఇక వింతయైన సంగతి. పోయిన జారుడును తిరిగి తెచ్చు మందులు చాలవఱకు కొవ్వునూనెల జాతివే. గింజల నూనెను మద్యసారముతో మార్చి చేసిన బయోడీజిలు నూటికొకటి రెండు పాళ్లు కలిపినను చాలును. అరకులో కార్తికమాసపు వేళ పసుపు పఱచినట్లు పూయు వలిసెల గింజలలోను, మన వాగుల గట్లపై కానుగ గింజలలోను ఉన్నది ఆ నూనెయే. పచ్చినూనెను నేరుగా పోయరాదు సుమా! చిక్కనై, జిగురు కట్టి, నోజిలును మూసివేయును. 1900లో పారిసు ప్రదర్శనమున ఒక డీజిలు ఇంజనును వేరుసెనగనూనెతో నడిపి చూపినది నిజమే గాని, ఏండ్లతరబడి నడుపుట వేఱు.

మార్చి వాడినవారు మన తూర్పుకనుమలలోనే కలరు. ఒడిశాలోని కించ్‌లింగి యను చిన్న గిరిజనగ్రామమున 2004 మొదలు కొంతకాలము, సైకిలువలె కాలితో త్రొక్కు యంత్రముపై వలిసె మున్నగు గింజల నూనెను బయోడీజిలుగా మార్చి, దానితో నీటిపంపును నడిపిరి. ఆ పంపు నీటిని పైనున్న తొట్టిలోనికి ఎక్కింపగా, అందుండి ఇండ్లకు కుళాయినీరు వచ్చెడిది.